ఒక్క పిల్లచుట్టును జట్టు

మొన్న చండ్రుగొండలో పదిమంది పెద్దలము కూడి ఒక బాలిక విషయము ఆలోచించితిమి. బాలిక వయస్సు పదునాలుగు. పేరు ఇచట వ్రాయుట ఉచితము గాదు. అడవియంచు గూడెమునుండి బడికి వచ్చుచున్నది. తన యీడు పిల్లలకన్న జానెడు పొడుగరి. కమ్మరి ఇనుపకడ్డీ వంచి చేసియిచ్చిన కడియమును స్తంభమునకు బిగించి, నేలపై సున్నముతో గీతలు గీసి, ఇద్దరు ముగ్గురు యువకులు బాస్కెట్‌బాల్ నేర్పుచున్నారు. అచ్చట ఈ పిల్ల ఒక్క సంవత్సరములోనే అందరిని మించిపోయినది. బంతి ఆమె చేతికి వచ్చినచో కడియములో పడినట్లే యని తోడిపిల్లలు చెప్పుదురు.

ఇది చూచినవారికి ఆశ కలుగుట సహజము. “ఈ పిల్లచుట్టును జట్టు కట్టుదము, జిల్లాపోటీలలో మన పేరు నిలుచును” అని కొందరనిరి. “పోగైన చందా యావత్తును ఆమెకే వెచ్చించి పట్టణమునకు పంపుదము” అని మరికొందరు. నేను మొదట ఈ రెండవ పక్షమువాడనే. ఆ రాత్రి ఇంటికి వచ్చి పరుండిన పిదప నా మాట నాకే రుచింపలేదు. ఎందుచేత రుచింపలేదో చదువరులకు విన్నవించుకొనెదను.

ప్రతిభగల పిల్లను ఎంచుకొనుట తప్పని నేననను. ఈ ఆట స్వభావమే అట్టిది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డునందు జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకై పండ్లబుట్టలు రెండు కట్టి దీనిని కల్పించెను. వై.ఎం.సి.ఏ. సంఘములవారు దీనిని దేశదేశములకు కొనిపోయిరి. 1920లో హ్యారీ బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ కళాశాలయు ఆ సంఘమువారిదే. బరి పొడవు 28 మీటరులు, వెడల్పు 15. కడియము పదియడుగుల ఎత్తున నుండును. ఒక పక్షమున ఐదుగురే ఆడుదురు. క్రికెట్టులోను ఫుట్‌బాలులోను పదునొకండుగురిలో ఒక్కడు దాగియుండవచ్చును, ఇందు దాగుటకు చోటు లేదు. ఒక్కని బలము ఐదవవంతు గాదు, ఒక్కొక్కప్పుడు సగమైనను కావచ్చును. కనుకనే “చుట్టును జట్టు కట్టుట” అను మాట మరి యే యాటలోను లేనంతగా దీనిలో వినవచ్చును.

ఆ మాటను వ్యాపారముగా మార్చినవారు అమెరికావారు. అక్కడి జట్లు కొత్త ఆటగాండ్రను ఏటేట వంతులవారీగా ఏరుకొందురు, దానిని డ్రాఫ్టు అందురు. గడచినయేట ఓడినవారికి ముందు వంతు. బలహీనునకు సాయపడవలెనని పెట్టిన ఈ నియమము, మంచి కుర్రవాడు కనబడిన యేట కావలయుననియే ఓడుటకు ప్రేరణయైనది. ఆ యనుమానము ముదిరి 1985నుండి చీట్లు వేయవలసి వచ్చినది. 2019నుండి అట్టడుగు మూడు జట్లకును నూటికి పదునాలుగు పాళ్ల అవకాశము సమానముగా నిచ్చిరి. ఓటమికి బహుమానము పెట్టిన శాసనమునకు ఇంతకంటె ఏమి ఫలితముండునని న్యాయవాదిగా నాకు తోచినది.

1984వ సంవత్సరపు ఏరివేత మన పెద్దలు వినదగినది. హ్యూస్టన్‌వారు హకీం ఒలాజువాన్‌ను, రెండవ వంతు వచ్చిన పోర్ట్‌లాండువారు శాం బౌవీని, మూడవ వంతున చికాగోవారు మైకేల్ జోర్డన్‌ను తీసుకొనిరి. పోర్ట్‌లాండువారికి జోర్డన్ ఆడు స్థానమున క్లైడ్ డ్రెక్స్‌లర్ అప్పటికే యున్నాడు, వారికి కావలసినది పొడుగరి. బౌవీ ఏడడుగులు దాటినవాడు. కాని కాలియెముక విరిగి కళాశాలలోనే రెండేండ్లు ఆటకు దూరమైనవాడు. తరువాతను ఆ కాళ్లే అతనిని కూర్చుండబెట్టినవి. పొడుగు చూచి మురియుట మనకే పరిమితము గాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది.

సరే, జోర్డన్ దొరికిన చికాగోవారి సంగతి యేమి? 1986 ఏప్రిల్‌లో బోస్టన్‌తో జరిగిన పందెములో ఆయన ఒక్కడే 63 పాయింట్లు సాధించెను. అయినను చికాగో ఓడినది. ఆ వరుసలో మూడు పందెములకు మూడును ఓడినది. తక్కినవారు బంతి అందించి ప్రక్కకు తొలగి చూచుచుండగా ఒక్కడు చేయగలిగినదంతయు ఆయన చేసినాడు, అది చాలలేదు. 1987లో స్కాటీ పిప్పెన్, హొరేస్ గ్రాంట్ వచ్చిరి. 1989లో ఫిల్ జాక్సన్ ప్రధాన శిక్షకుడై, బంతి ఒక్కని చేత నిలువక ఐదుగురి చేతులలోను తిరుగవలెనను పద్ధతిని పట్టుదలతో నేర్పెను. జోర్డన్‌కు మొదట అది నచ్చలేదు. 1991లో గాని వారికి మొదటి విజయము రాలేదు, అనగా ఏడేండ్లు. ఆ కడపటి పందెపు చివరి నిమిషములలో లేకర్స్‌వారందరు జోర్డన్‌పై కన్నువేసియుండగా, ఆయన బంతిని జాన్ పాక్సన్‌కు అందించెను. పాక్సన్ వరుసగా కడియములో వేసెను. 63 పాయింట్ల నాడు లేనిది, ఈనాడు ఉన్నది, ఆ బంతి అందించుట.

ఇంకొక విచిత్రము. అదే జోర్డన్ పిదప వాషింగ్టన్ జట్టు వ్యవహారములు చూచుచు 2001లో మొదటి వంతు తనకే దక్కగా, పాఠశాల విడిచిన క్వామీ బ్రౌన్‌ను ఎన్నుకొనెను. ఆ కుర్రవాడు మోయవలెనని లోకము కోరిన బరువును మోయజాలకపోయెను. ఆటలో అంతటివానికే కుర్రవాని భవిష్యత్తు కనబడలేదు. సున్నపు గీతల నడుమ ఏడాదిపాటు చూచిన మనకు కనబడినదా?

మన దేశమున పొడుగుపై పెట్టుకొన్న ఆశకు సత్నాంసింగ్ నిదర్శనము. పంజాబులోని బల్లోకే గ్రామపు బాలుడు, ఏడడుగుల రెండంగుళములు. పదునాలుగేండ్లకే ఫ్లారిడాకు పంపిరి. 2015లో డల్లాస్ జట్టువారు 52వ వంతున తీసుకొనగా, ఆ పట్టికకెక్కిన మొట్టమొదటి భారతీయుడని దేశమంతయు పొంగిపోయినది. ఆ జట్టు ప్రధానపోటీలలో అతడు ఒక్క పందెమైనను ఆడలేదు. తప్పు బాలునిది గాదు. ఈ యాటలో మన పురుషుల జట్టు ఒలింపిక్సునకు వెళ్లినది 1980లో మాస్కోకు ఒక్కసారియే, అప్పుడును అన్ని పందెములు ఓడినది. నూట నలుబది కోట్లమంది ఆశను ఒక్క బాలుని భుజముపై మోపి, అతడు వంగిపోయినాడని విసుగుకొనుట మన అలవాటు. ఉద్యమకాలమున జెండా పట్టుకొని ఊరూర తిరిగినవాడను గనుక ఈ యలవాటు నాకు కొత్త గాదు. ఒక్కడు ముందు నడిచినచో తక్కినవారము చప్పట్లు కొట్టి ఇంటికి పోవుదుము.

ఇట్లు గాక చేసినవారు మనలోనే యుండిరి. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆయన కంటబడెను. అభ్యాసమునకు వచ్చుటకు సైకిలు అద్దెకు డబ్బులు లేకపోగా పంతులే ఇచ్చి పిలిపించినాడని చెప్పుకొందురు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవస్థానము పొందిన జట్టులో ఉన్నాడు. కాని రహీం జట్టును బలరాంచుట్టును కట్టలేదు, చునీ గోస్వామిచుట్టును కట్టలేదు, పి.కె. బెనర్జీచుట్టును కట్టలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల కడపటి పందెములో దక్షిణకొరియాపై గెలుపు తెచ్చిన రెండు గోలులలో ఒకటి బెనర్జీది, రెండవది జర్నైల్‌సింగుది. జర్నైల్‌సింగు రక్షణపంక్తివాడు, తలకు గాయమై కట్టుతో నున్నవాడు. అతనిని ముందువరుసకు తెచ్చినది పంతులే. మరుసటి యేట రహీం క్యాన్సరుతో మరణించెను. నేటివరకు మన జట్టు మరల ఆ స్వర్ణము నెరుగదు. అనగా మనము పోగొట్టుకొన్నది ఒక తారను గాదు, ఒక పంతులును.

ఇక మన యింటి ప్రక్కకు వత్తము. భద్రాచలము మన జిల్లాయే. అచట పుట్టిన గొంగడి త్రిష 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపురములో, పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచ క్రికెట్టుపోటీ కడపటి పందెమున మూడు వికెట్లు తీసి, 44 పరుగులు చేసి, అవుటు గాక నిలిచెను. ఆ పోటీ మొత్తమున 309 పరుగులు, ఏడు వికెట్లు. స్కాట్లండుపై చేసిన 110 పరుగులు ఆ పోటీల చరిత్రలో మొదటి శతకము. ఉత్తమ క్రీడాకారిణి యామెయే. మా సభలో ఈ పేరు పదిమార్లు వినబడినది. “త్రిషను చూడుడు” అని. చూతము. ఆ జట్టుకు నాయకురాలు త్రిష గాదు, నికీ ప్రసాద్. అందరికంటె ఎక్కువగా 17 వికెట్లు తీసినది వైష్ణవీ శర్మ. ఇంగ్లండుతో సెమీఫైనలులో 56 పరుగులతో నిలిచినది కమలిని. త్రిష 2023లో గెలిచిన జట్టులోను ఆడినది, అప్పుడు షెఫాలీ వర్మ వంటి పెద్దల చాటున నేర్చుకొనుటకు అవకాశము దొరకినది. బరువు ఆమెపై ఒక్కసారిగా పడలేదు.

మరియొక సంగతి మా సభలో ఎవరును ఎత్తలేదు. తండ్రి భద్రాచలములోని తన వ్యాయామశాలను, పొలమును అమ్ముకొని, కూతురి ఆటకై సికింద్రాబాదు చేరినాడని పత్రికలలో చదివితిమి. ఆ తండ్రికి నమస్కారము. కాని గూడెములో పోడుభూమి తప్ప వేరు ఆధారము లేని తండ్రి ఏమి అమ్మును? బిడ్డ ఎదుగుటకు తండ్రి ఊరు విడువవలసివచ్చిన చోట మనము గర్వపడి శాలువలు కప్పుచున్నాము. ఆటస్థలము చదును చేయకముందే ఫ్లెక్సీలు కట్టుట మనకు వచ్చిన విద్య.

ప్రభుత్వపు ఏరివేతయు చూచితిని. హకీంపేట క్రీడాపాఠశాలలో నాలుగవ తరగతి ప్రవేశమునకు చిన్నపిల్లల ఎత్తు, బరువు కొలుతురు, ముప్పది మీటరుల పరుగు, నిలుచున్నచోటినుండి దూకుడు, మెడిసిన్ బాల్ విసురు, ఎనిమిదివందల మీటరుల పరుగు పరీక్షింతురు. ఇవి మంచి పరీక్షలే. అయితే తోటిపిల్లకు బంతి అందించు గుణము ఏ టేపుతోను కొలువబడదు.

సభలో ఒక పెద్దమనిషి లేచి, “ఇంత ఖర్చు పెట్టుచున్నాము గనుక ఐదేండ్లు మన పక్షముననే ఆడవలెనని తండ్రిచేత కాగితము వ్రాయించుకొందము. వకీలు సాబు, మీరు ముసాయిదా చేయుడు” అనెను. నేను చేయనంటిని. 1872నాటి ఒప్పందముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని పిల్ల ఒప్పందమునకు అర్హురాలు గాదు. 1903లో మొహరీబీబీ వ్యాజ్యమున ప్రివీ కౌన్సిల్ మైనరు ఒప్పందము మొదటినుండియు చెల్లదని తీర్పు చెప్పినది. ఒక మేకను అమ్మెదనని వ్రాసియిచ్చినను చెల్లని యీ పిల్ల, ఐదేండ్ల యౌవనమును మనకు వ్రాసియీయవలెనా? తండ్రి వ్రేలిముద్ర వేసినచో ఆమె కాళ్లకు కట్టు పడునా? ఆ పెద్దమనిషికి కోపము వచ్చినది, నేటికిని పోలేదు.

మరునాడు నేను ఆటస్థలమునకు పోయి ఆ పిల్లనే అడిగితిని. అంతవరకు ఆమెను ఎవరును అడుగలేదు, నేనుకూడ. నీకేమి కావలెనమ్మా యంటిని. చాలసేపు నేలచూపు చూచి, “ఇంకో బంతి తెస్తరా సార్? ఒక్క బంతితోని అందరం ఎట్ల ఆడాలె?” అన్నది.

పదునాలుగుగురు బాలికలకు ఒక్క బంతి. ఆమె ఆడుచున్నప్పుడు తక్కినవారు నిలుచుండి చూచుచున్నారు. మనము ప్రతిభ యనుకొన్నదానిలో కొంత, బంతి ఎక్కువసేపు ఆమె చేతనుండుటయే గాదా అను సందేహము నాకు కలిగినది. నిజముగా ఆమె గొప్పదే కావచ్చును. అది తెలియుటకైనను ఆమెకు ఎదురు నిలువగల నలుగురు కావలెను.

ఆ నలుగురే నా చింత. మాఘఫాల్గునములలో మిరపకోతకు కుటుంబములు కదలిపోవును. పెద్దపిల్లలు బడి విడిచి వెంట పోవుదురు. ఎండలు ముదిరిన పిదప తునికాకు. ఇట్లు ఒకసారి విడిచిన బడికి మరల రాని పిల్లల పెండ్లి వ్యవహారములు నా బల్లపైకి వచ్చిన సందర్భములున్నవి. జట్టు అనునది నిలిచెనా, కోతకాలమునను ఆ పిల్లలను వసతిగృహమున నుంచుటకు తల్లిదండ్రులతో మాటలాడుటకు మనకొక కారణము దొరకును. ఒక్క పిల్లను పట్టణమునకు పంపి చేతులు దులుపుకొన్నచో, పదుమువ్వురకు ఆ కారణము పోవును, స్తంభముపై కడియము తుప్పుపట్టును.

కనుక వచ్చు ఆదివారపు సభలో నేను చెప్పబోవునది ఇది. చందాలో మొదటి రూకలు బంతులకు, రెండవ కడియమునకు, అందరి బూట్లకు. నేర్పుచున్న యువకులలో ఒకనికి దారిఖర్చులు ఇచ్చి శిక్షణకు పంపుట తరువాతిది. పొడుగరి పిల్లకు ప్రత్యేకముగా నిచ్చునది ఒక్కటే: ఆమె యెదుగుచున్న కాళ్లను ఏడాదికి రెండుమారులు మంచి వైద్యునికి చూపుట. కాగితము లేదు. రేపు క్రీడాపాఠశాలవారో మరియొకరో పిలిచి, ఆమె పోవుదునన్నచో బస్సెక్కించి రావలెను, ఖర్చు లెక్క అడుగరాదు. జిల్లాపోటీలలో ఈ యేడు మనము ఓడుదుము. రెండేండ్లు ఓడినను ఓడుదుము.

ఇది సభ అంగీకరించునో లేదో నాకు తెలియదు. పట్టణమునకు పంపవలెననువారే ఇప్పటికిని ఎక్కువమంది, వారిలో నాకు మిక్కిలి ఆప్తులును ఉన్నారు. కమ్మరి మాత్రము రెండవ కడియమునకు ఇనుము తెచ్చి కొలిమి ప్రక్కన పెట్టి, కూలి ఎవరిత్తురని నిన్న నన్ను నిలదీసినాడు. సభ కాదన్నను నేనిత్తునంటిని.