హామ్ రేడియో: లైసెన్సు ఢిల్లీ ఇస్తుంది.. యాంటెన్నాకు చోటు ఎవరిస్తారు?

పరీక్ష రాశారు, పాసయ్యారు. వెరిఫికేషన్లు పూర్తయ్యాక ‘వీయూ’తో మొదలయ్యే కాల్‌సైన్ మీ చేతికొచ్చింది. రేడియో సెట్టు చిన్నదే, కంప్యూటర్ టేబుల్ మీద ఓ మూల సరిపోతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. సెట్టు వెనక నుంచి వెళ్లే కేబుల్‌కు ఆ చివర ఓ యాంటెన్నా ఉండాలి. దూరం మాట్లాడాలంటే దాని పొడవు ఇరవై మీటర్లు. మీరుండేదేమో ఐదంతస్తుల అపార్టుమెంటులో మూడో ఫ్లోరు.

హాబీ ఉన్నవాళ్ల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్ నెట్‌వర్క్ ఒకేసారి పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకు ఫోన్ ఛార్జింగే పెద్ద సమస్య అయింది. టవర్‌తో, ఫైబర్‌తో, ఇంటర్నెట్‌తో పనిలేకుండా కారు బ్యాటరీతో నడిచే రేడియో విలువ అలాంటప్పుడే తెలుస్తుంది. 2004 సునామీ నాటికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి వార్తలు చేరడంలో వాళ్ల రేడియో స్టేషన్ పాత్ర పెద్దది. ఆ స్టేషన్‌కు అప్పటికే యాంటెన్నా కట్టి ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

అనుమతి ఎవరెవరు ఇవ్వాలి?

లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. దరఖాస్తు ‘సరళ్ సంచార్’ పోర్టల్‌లో చేసుకోవాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయవచ్చు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. ఆన్‌లైన్‌లో దొరికే చవక వాకీటాకీలను ఆటవస్తువులు అనుకోవద్దు. అనుమతుల వివరాలు లేకుండా వాటిని అమ్ముతున్నందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మేలో ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులిచ్చింది, ఆ తర్వాత మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

మీ ఇల్లు విమానాశ్రయానికి దగ్గరైతే ఎత్తు విషయం కూడా చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాపుల్లో ఏ ప్రాంతంలో ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో ఉంటుంది. హైదరాబాద్‌లో శంషాబాదే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క జాగ్రత్త. ఆ మ్యాపుల్లో రాసేది సముద్ర మట్టం నుంచి ఎత్తు. హైదరాబాద్ నేలే సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అది తీసేయకుండా అంకె చూసి సంబరపడితే పొరపాటే.

వీటన్నిటికన్నా గట్టి అనుమతి ఒకటుంది. అది మీ పై ఫ్లోరు వాళ్లది! అపార్టుమెంట్లలో టెర్రస్ మామూలుగా అందరి ఉమ్మడి ఆస్తి. కేంద్రం ఇచ్చిన లైసెన్సు కాగితం మీకు గాలిలో తరంగాలు పంపే హక్కునిస్తుంది తప్ప ఉమ్మడి గోడకు బోల్టు కొట్టే హక్కును కాదు. అమెరికాలో 1985లో ఎఫ్‌సీసీ ఓ ఉత్తర్వు ఇచ్చింది. హామ్ యాంటెన్నాల విషయంలో స్థానిక ప్రభుత్వాలు సర్దుబాటు చూపాలని దాని సారాంశం. ఇళ్ల యజమానుల సంఘాలకు మాత్రం అది వర్తించదు. కాబట్టి డాలస్ శివారులో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకూ ఈ సంఘాల తలనొప్పి తప్పదు.

మీటింగ్‌లో మొదట వచ్చే ప్రశ్న రేడియేషన్ గురించే. నవ్వి కొట్టిపారేయకండి, అడిగేవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలుంటారు. ఇవి ఎక్స్‌రేల్లాంటి కిరణాలు కావు, ఏఐఆర్ ప్రసారాల్లాంటి రేడియో తరంగాలే. టేబుల్ మీది సెట్లు సాధారణంగా 100 వాట్లు, అంతకన్నా తక్కువ శక్తితో పనిచేస్తాయి. అదీ మీరు మాట్లాడే సమయంలోనే. అయినా ప్రసారం జరిగేటప్పుడు తీగను ఎవరూ ముట్టుకోకూడదు, ఒళ్లు కాలుతుంది. బట్టలారేసే దండేలకు దూరంగా, చేతికందనంత ఎత్తులో కడతానని రాతపూర్వకంగా ఇవ్వండి. నాకు తెలిసి అసోసియేషన్‌ను అన్నిటికన్నా మెత్తబరిచేది ఇంకోటుంది: ‘స్లాబుకు రంధ్రం పెట్టను’ అన్న హామీ. వాటర్‌ప్రూఫింగ్‌కు చందాలు పోగుచేసిన సెక్రటరీకి యాంటెన్నా కన్నా లీకేజీ అంటేనే భయం.

పెద్ద యాంటెన్నా అంటే ఎంత పెద్దది?

సినిమాల్లో చూసే పెద్ద ఇనప టవర్ ఊహించుకోకండి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే దేశమంతటా మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండ్‌లో, కావలసింది సుమారు 20 మీటర్ల రాగి తీగ. దాన్ని మధ్యలో తెంపి, ఇటు పది, అటు పది మీటర్లు వదిలి, నడుమన కేబుల్ కలుపుతారు. దీన్నే డైపోల్ అంటారు. మెగాహెర్ట్జ్ అంకెతో 143ని భాగిస్తే మీటర్లలో పొడవు దాదాపుగా వస్తుంది. నడుమను ఒక్క స్తంభానికి ఎత్తి, రెండు చివరలను పిట్టగోడల వైపు వాలుగా దించితే తలకిందులైన ‘వి’ ఆకారం వస్తుంది. చిన్న టెర్రస్‌లకు ఇదే మేలు.

తీగను లెక్క కంటే ఓ అరమీటరు ఎక్కువే కోయండి. తగ్గించడం తేలిక, పెంచడమే కష్టం. భాగాలన్నీ టెర్రస్ నేల మీదే బిగించి, తాడూ కప్పీతో పైకి లాగి, ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచి, మళ్లీ దించి చివరలు కాస్త కత్తిరించాలి. ఇలా మూడు నాలుగుసార్లు తప్పదు. స్తంభం ఎక్కి పని చేయకండి. టెర్రస్ మీద ఇప్పటికే సోలార్ ప్యానెళ్లుంటే వాటికి దూరంగా జరగండి, కొన్ని ఇన్వర్టర్లు రేడియోలో గురగుర చప్పుడు నింపుతాయి.

తిరిగే యాగీ యాంటెన్నా సంగతి వేరు. 14 మెగాహెర్ట్జ్ యాగీలో ఒక్కో అల్యూమినియం కడ్డీ సుమారు పది మీటర్లుంటుంది. దానికి టవర్ కావాలి, మోటార్ కావాలి, స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం కావాలి. బరువు కాదు ఇక్కడి సమస్య, గాలి. ఇళ్ల డిజైన్‌కు వాడే ఐఎస్ 875 ప్రమాణంలో హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకు 50. అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. సొంత ఇల్లు, సొంత స్థలం ఉంటే తప్ప దీని జోలికి వెళ్లొద్దనే నా సలహా.

ప్రాణం తీసేది గాలి కూడా కాదు

కరెంటు తీగ. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు చనిపోయారు. మన కాలనీల్లో 11 కేవీ లైన్లు బాల్కనీలకు ఎంత దగ్గరగా పోతాయో మీకు తెలుసు. నిబంధనల ప్రకారం ఆ లైనుకు, భవనానికి మధ్య అడ్డంగా 1.2 మీటర్లు ఉంటే చాలు. యాంటెన్నాకు మాత్రం ఆ దూరం ఏ మూలకూ చాలదు. నిలబెట్టిన పది మీటర్ల పైపు ఎటు పడినా, తెగిన తీగ ఎటు ఎగిరినా, కరెంటు లైనుకు కనీసం మూడు మీటర్ల ఇవతలే ఆగాలి. ఆ చోటు లేకపోతే స్తంభం ఎత్తు తగ్గించండి. రోడ్డు దాటించి ఎదుటి భవనానికి తీగ కట్టడం అసలే వద్దు. కింద నాలుగు కేబుళ్లు ఎలాగూ వేలాడుతున్నాయిగా అనే వాదన ఇక్కడ కుదరదు. పని రోజున కనీసం ముగ్గురుండాలి, ఒకరి చూపు పూర్తిగా లైను మీదే ఉండాలి.

పిడుగుల కాలంలో కేబుల్‌ను సెట్టు నుంచి పీకి బయటే వదిలేయండి. స్తంభానికి విడిగా రాగి లేదా జీఐ ఎర్త్ దింపి, దాన్ని భవనం ఎర్తింగ్‌తో కలిపేలా ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

తుపాను కోసమే యాంటెన్నా అనుకున్నాం కదా, తీరా తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని దాన్ని దించేయడం. గాలి తగ్గాక మళ్లీ ఎత్తాలి. అందుకే ఎన్నేళ్లయినా కదలని స్తంభం కన్నా, ఇద్దరు మనుషులు దించి ఎత్తగలిగే స్తంభమే మీకు అక్కరకొస్తుంది. అడుగున మడత బందు, మూడు వైపులా 120 డిగ్రీల ఎడంలో లాగి కట్టిన తాళ్లు, ప్రతి తాడుకూ తిప్పి బిగించే టర్న్‌బకిల్ ఉంటే చాలు. అసోసియేషన్‌కూ ‘ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు’ అని నిజాయితీగా చెప్పవచ్చు. అక్టోబరు రాకముందే ఒక సాయంత్రం లిఫ్టు వాడకుండా, ఇంటి కరెంటు ముట్టకుండా, బ్యాటరీ, సెట్టు పైకి మోసుకెళ్లి, టార్చి వెలుగులో యాంటెన్నా దించి, ఎత్తి, పక్క జిల్లాలో ఎవరితోనైనా మాట్లాడి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి.