పెన్ డ్రైవ్ కూడా ఒక గిన్నే

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాయకూడదని, ఆవకాయ జాడీలోనే ఉండాలని మనకెవరూ పాఠం చెప్పలేదు. చూసి నేర్చుకున్నాం. మరి పెన్ డ్రైవ్ దగ్గరికొచ్చేసరికి "నీకెందుకే ఇవన్నీ" అనగానే వంటింట్లోకి ఎందుకు వెళ్ళిపోతాం?

పోయిన నెల మా మేనకోడలి పెళ్ళి వీడియో ఎక్కించబోయాను. వీడియో 6 జీబీ, పెన్ డ్రైవ్ 32 జీబీ, అందులో సగం పైనే ఖాళీ. అయినా ఫైలు మరీ పెద్దదంటుంది కంప్యూటరు! మావారు వచ్చి "ఫార్మాట్ కొడితే సరి" అని నొక్కేశారు. వీడియో అప్పుడూ ఎక్కలేదు. మళ్ళీ ఆ పాత ఫ్యాట్32లోనే ఫార్మాట్ చేశారు మరి! సాయంత్రం మా అబ్బాయి ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి ఎక్కించాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అందులో మా అమ్మ పాడిన మంగళహారతులు ఉండాలని. అమ్మ పోయి మూడేళ్ళు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

ఆయన అడగలేదు, నిజమే. కానీ పక్కనే ఉండి "నాకేం తెలుసులే" అనుకున్నది నేను. ఆ మాటే మానేయాలంటున్నాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఫ్యాట్32 విండోస్ 95 నాటిది. డ్రైవ్ ఎంత పెద్దదైనా ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పాత టీవీలు, కారులో పాటల పెట్టెలు చాలావరకు దీన్నే చదువుతాయి. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ హద్దు లేదు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్ సొంత పద్ధతి, మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ మామూలుగా అందులో రాయనివ్వదు. అంటే కారులో పాటలకి ఫ్యాట్32, పెళ్ళి వీడియోలకి ఎక్స్‌ఫ్యాట్. మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. అంతే!

ఏది ఎంచుకున్నా ఫార్మాట్ అంటే గిన్నె కడిగేయడమే. అందులో ఉన్నది ముందు వేరే గిన్నెలోకి వంచుకోవాలి.

"ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలదా?" అంటారు. చాలదు. ఏ గిన్నెలో ఏముందో తెలిసినవాళ్ళే దాన్ని కడగాలి. మన ఇళ్ళలో ఎవరి ఫోటో, ఎవరి గొంతు ఎక్కడ దాచామో తెలిసింది మనకే కదా. ఈసారి ఎవరైనా ఫార్మాట్ అంటే, స్టవ్ కట్టేసి వచ్చి ముందు ఆ పెన్ డ్రైవ్ చేతిలోకి తీసుకోండి.