తిరిగివచ్చే చిన్న రైలు



పోయిన నెల జగిత్యాల వైపు ఒక పల్లెలో కుటుంబ దర్శనములకు వెళ్లినాము. ఒక ఇంటి అరుగు మీద తల్లి చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ప్రక్కనే అయిదేండ్ల కొడుకు ఆమె ఫోనులో నీలిరంగు రైలింజను బొమ్మను చూస్తున్నాడు. తండ్రి గల్ఫుకు పోయి ఏడాదిన్నర అయినది. మేము ప్రక్కన కూర్చోగానే పిల్లవాడు తల ఎత్తకుండానే అడిగినాడు: "అయ్యగారూ, గీ రైలెక్కితె మా బాపు కాడికి పోవచ్చా?"

మాకు వెంటనే మాట రాలేదు. ఆ వయస్సులో మేమును అటువంటి ప్రశ్నే అడిగినవారము.

మా చిన్నతనములో కరీంనగరు పట్టణమునకే రైలు లేదు. కాజీపేట నుండి బల్లార్షా వరకు 1929లో పూర్తియైన లైను పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోయేది. దానికి దూరముగా ఉన్న మా ఊరిలో రైలును కండ్లతో చూసిన పిల్లలను వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. సింగరేణి బొగ్గు మోసే గూడ్సు బండ్ల సంగతులు మంచిర్యాల బంధువులు వచ్చినప్పుడు చెప్పితే నోరు తెరచి వినేవారము.

మేము మొదట చూసిన రైలు టి.వి.లోనిదే. 1975 ఆగస్టు నుండి ఒక్క సంవత్సరము అమెరికావారి ఉపగ్రహము సహాయముతో ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములలో సైట్ అనే టి.వి. ప్రయోగము జరిగినది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. ఆ తరువాత 1983లో ఇన్సాట్-1బి పైకి పోయినది. దాని వలన బడి పిల్లల కొరకు తెలుగులో పాఠములు రాసాగినవి. హైదరాబాదులోని రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థవారు వాటిని తయారు చేసేవారు. మా బడికి కూడ ఒక బ్లాక్ అండ్ వైట్ టి.వి. వచ్చినది. దాని తాళపుచెవి పెద్దసారు జేబులో ఉండేది. ఆయన రాని రోజు పాఠము లేదు, కరెంటు రాని రోజు అసలే లేదు!

ఒకనాడు అందులో ఒక టీచరమ్మ అగ్గిపెట్టెలతో, గుండీలతో రైలు చేసి చూపించినది. చివరన నిజమైన రైలును పోలిన చిన్న బొమ్మ రైలు కనబడినది. అది అట్టతో చేసిన గుట్టలోని సొరంగములో దూరిపోయినది. మేమందరము ఊపిరి బిగబట్టినాము. మరుక్షణము అది రెండవ వైపు నుండి వచ్చి, బయలుదేరిన స్టేషనులోనే ఆగినది. రైలు అనగా పోయి తిరిగి వచ్చేదని ఆ దినమున మేము నేర్చుకొన్నాము.

ఆ సంవత్సరమే మా బాపు దుబాయికి పోయినారు. పెద్దపల్లి స్టేషనుకు సాగనంపబోయినాము. రైలు కదిలి, చిన్నదై, కనబడకుండ పోయినది. మేము మాత్రము అక్కడనుండి కదలక, రెండవ వైపు తిరిగి పట్టాల మీదికి చూస్తూ నిలబడినాము. అవ్వ చేయి పట్టి లాగితే, "ఆగే, ఇప్పుడే సుట్టు తిరిగొస్తది" అన్నామట. అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకొని, "వస్తది బిడ్డా, దేశం పెద్దది గదా, తిరిగి రానీకె శాన దినాలు పడ్తది" అన్నది. మూడేండ్లు పట్టినది. బాపు వచ్చేటప్పుడు సెల్లులతో నడిచే రైలు తెచ్చినారు. దానిని వెంటనే అందుకొన్నాము గాని, తెచ్చిన మనిషి ఒడిలోనికి పోవుటకు మాకు వారము రోజులు పట్టినది. బాపు ఆ వారము ఎట్లు గడిపినారో మేమును తండ్రులమైన తరువాతనే తెలిసినది.

పిల్లవాడు ఫోనులో చూస్తున్న నీలి ఇంజను థామస్. దాని పుట్టుక చాలామందికి తెలియదు. విల్బర్ట్ ఆడ్రీ అనే ఇంగ్లండు పాదిరిగారు తన కొడుకు క్రిస్టఫర్ తట్టు పోసి మంచము పట్టినప్పుడు ప్రక్కన కూర్చుండి రైలింజన్ల కథలు చెప్పినారు. కొడుకు కొరకు కర్రతో ఒక ఇంజను కూడ చేసినారు. ఆ కథల మొదటి పుస్తకము 1945లో వచ్చినది. 1984లో బ్రిటిషు టి.వి.వారు చేతితో చేసిన చిన్న రైళ్లను నిజముగా పట్టాల మీద నడిపి ఆ కథలను చిత్రించినారు. 2009 నుండి అంతయు కంప్యూటరు బొమ్మలే. పిల్లలకు తేడా తెలియదు గాని, మా మట్టుకు ఆ పాత రైలు పొగలోనే జీవమున్నదనిపించును.

అమెరికాలో ఫ్రెడ్ రోజర్స్ అనే మరొక సేవకుడు ఉండేవారు. పిల్లలకు టి.వి. ద్వారా సేవ చేయుటకే ప్రెస్బిటేరియన్ సంఘము 1963లో ఆయనను అభిషేకించినది. ఆయన కార్యక్రమము 1968 నుండి 2001 వరకు దేశమంతట వచ్చినది. అందులో ఒక చిన్న ఎర్ర ట్రాలీ బండి గోడలోని సొరంగము గుండా ఊహాలోకమునకు పోయి, మరల ఆయన గదిలోనికి వచ్చేది. తల్లిదండ్రులు విడిపోవుట, మరణము వంటి పెద్దలకే నోరు రాని సంగతులను కూడ ఆయన పిల్లలతో నెమ్మదిగా మాట్లాడేవారు. ఆయన పిల్లలకు అబద్ధము చెప్పేవారు కారు. అందుచేత ఆ అరుగు మీద మేమును అవునని చెప్పలేకపోయినాము.

"ఈ రైలు అంత దూరం పోదు నాయనా. నడుమ సముద్రమున్నది. నీ బాపు విమానములో రావలె" అన్నాము. పిల్లవాని ముఖము చిన్నబోయినది. 2017లో పెద్దపల్లి–నిజామాబాదు లైను పూర్తియైనది. జగిత్యాల మీదుగా పోయే రైలు కూత దూరము నుండి వాడు విన్నవాడే. ఇన్ని రోజులు ఆ కూతనే నమ్ముకొన్నాడేమో!

చెల్లెమ్మను ఖాళీ అగ్గిపెట్టెలు అడిగినాము. మూడు దొరికినవి. పాత అంగీ గుండీలు చక్రములైనవి. పెట్టెకు పెట్టె ముడివేయుటకు బీడీలు కట్టే దారము ఇచ్చినది. మొదటి ఇంజను ఒక ప్రక్కకు ఒరిగిపోయినది. పిల్లవాడే సరిచేసినాడు. ఫోను ఎప్పుడు ప్రక్కన పెట్టినాడో మేము గమనింపలేదు.

అంతలో ఆ ఫోనే మ్రోగినది. దమ్మాము నుండి తండ్రి. పిల్లవాడు రైలును తెర ముందు పెట్టినాడు. "ఎవలకు బిడ్డా గీ రైలు?" అని ఆయన అడిగినాడు.

"నీకే. ఎక్కి రా."

అవతల ఫోను కొంతసేపు గది పైకప్పును మాత్రమే చూపించినది. చెల్లెమ్మ తల వంచుకొని మరొక ఆకు చేతిలోనికి తీసుకొన్నది. పిల్లవాడు రైలును చేట చుట్టూ నడుపుతూనే ఉన్నాడు.