పొయ్యి ఆరకుండా ప్యూరిఫైయర్ ఎందుకు?

మా అవ్వ పుట్టి బుద్ధెరిగి ఒక్క బీడీ తాగలేదు. అయినా ఆమెకు సీఓపీడీ అని తేల్చిన డాక్టరు మొదట అడిగింది, "కట్టెల పొయ్యా?" అని. పూతలపట్టులో మా ఇంట్లో ఏళ్ల తరబడి ఆ పొగలోనే సంగటి కెలికింది ఆమె.

బెంగళూరు నుంచి చిన్నాయన ఎయిర్ ప్యూరిఫైయర్ పంపించాడు. ఇంక ఆయాసం తగ్గిపోతుందని అందరం సంబరపడ్డాం. సెలవులకు పోయి చూస్తే మిషన్ హాల్లో ఉంది, అవ్వ పెరట్లో నీళ్ల పొయ్యిలోకి టెంకాయ మట్టలు ఎగదోస్తా ఉంది. రాత్రికి గదిలో దోమల చుట్ట వెలిగించింది. మిషన్ పెడదామంటే, "కరెంటు శానా కాలుతాది, వద్దు నాయనా" అనింది.

తప్పు అవ్వది కాదు. వస్తువు కొనేసి పని అయిపోయిందనుకున్న మాది.

హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం పడుతుంది, నిజమే. కానీ ఆ లెక్క ఫిల్టరు గుండా పోయిన గాలికే. 10×12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అనుకుంటే 34 ఘనపు మీటర్ల గాలి. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే మిషన్ సీఏడీఆర్ 170 ఉండాలి, తలుపులు మూసుండాలి. కార్బన్ మోనాక్సైడును హెపా పట్టలేదు. ఇక దోమల చుట్టంటారా, ఒక్కటి కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నని ధూళి వస్తుందని 2003లోనే ఒక అధ్యయనం లెక్క తేల్చింది.

అట్లని ప్యూరిఫైయర్ దండగ అనను. అమెరికాలోని బాల్టిమోర్‌లో పొగతాగడం మానేసిన 116 మంది సీఓపీడీ రోగుల మీద ఆరు నెలలు పరీక్ష చేశారు. సగం మందికి అసలు ఫిల్టర్లు, సగం మందికి ఉత్తుత్తివి. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తంగా జీవన నాణ్యత స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజులో ఎక్కువ సేపు మిషన్ నడిపినవాళ్లకు మాత్రం మేలు కనిపించింది.

అంటే వరస ఇది: ముందు పొగ ఆపాలి, తర్వాత గాలి ఆడాలి, చివర ఫిల్టరు. 2024లో వచ్చిన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వంటకు ఆసరానే, కానీ ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కూడా గ్యాసు మీదే అంటే చాలవు. అందుకే గ్యాసున్న ఇళ్లలోనూ పెరటి పొయ్యి ఆరదు.

మేం చేసింది చిన్నదే. దోమతెర కట్టాం. నీళ్ల పొయ్యి పని నాన్న తీసుకున్నాడు. మిషన్‌ను అవ్వ మంచం పక్కకు మార్చాం. "40 వాట్లే అవ్వా, రాత్రంతా నడిచినా అర యూనిట్టు కాదు" అని లెక్క చూపించా. ఇప్పుడు ఆపడం లేదు. జబ్బు పోలేదు, మందులు మందులే. దగ్గుతో లేచి కూర్చునే రాత్రులు మాత్రం తగ్గాయి.

మన ప్రాజెక్టు ఎక్స్‌పోలో ఏటా ఎవరో ఒకరు ప్యూరిఫైయర్ మోడల్ పెడతారు. ఈసారి పెట్టేవాళ్లకు ఒక మాట: దాన్ని ల్యాబులో కాదు, మీ అవ్వ గదిలో వారం రోజులు నడిపి చూడండి. ఆమె ఎందుకు ఆపేసిందో అడగండి. డిజైన్ అక్కడ మొదలుపెట్టండి.