బందరు రేవు మనకు దూరమా?

విజ్ఞాన యాత్ర అనగానే మన కళాశాలలో వినవచ్చే పేర్లు రెండే: నాగార్జునసాగర్, హైదరాబాదు. ఆనకట్టను చూడవలసిందే, చార్మినారునూ చూడవలసిందే. కాని గోలకొండ సంపద ఏ ద్వారం గుండా లోకంలోకి వెళ్ళి వచ్చిందో, ఆ ద్వారాన్ని చూడని విద్యార్థి చరిత్రను సగమే చదివినవాడవుతాడు. ఆ ద్వారం మచిలీపట్నం. ఈ విద్యా సంవత్సరంలో కొందరు విద్యార్థులతో కలిసి మేము ఆ తీరాన్ని సందర్శించి వచ్చాము. అప్పుడు కలిగిన అభిప్రాయాలను విద్యార్థుల ముందు, పాలక సంఘం పెద్దల ముందు సవినయంగా ఉంచుతున్నాము.

పల్నాటి వారికి సముద్రంతో ఏమి పని అని కొందరు అడుగుతారు. ప్రశ్న సహజమే. మనది సున్నపురాతి నేల. పత్తి, మిరప పండే నేల. అయినా ఈ నేలకూ ఆ తీరానికీ గల బంధం నిన్న మొన్నటిది కాదు. నాగార్జునకొండ శాసనాలలో సింహళ విహారం ప్రస్తావన ఉన్నది. అనగా సముద్రం దాటి వచ్చినవారికి మన మాచర్ల సీమలో నివాసం ఉండేదన్నమాట. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున ఉన్న మన కొల్లూరు వజ్రపు గనులు జగత్ప్రసిద్ధి పొందాయి. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో మచిలీపట్నంలో ఓడ దిగాడు. కొల్లూరు గనిలో స్త్రీలు, పిల్లలతో సహా 60,000 మంది పనిచేస్తున్నారని అతడు వ్రాశాడు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. గని మునిగిపోయింది. ఆ శ్రమ జాడను వెదకదలచినవారు ఇక రేవు వైపు నడవవలసిందే.

కుతుబ్‌షాహీల కాలంలో బందరు ఒక చిన్న ప్రపంచం. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో అక్కడికి వచ్చారు. అయితే వారికి ముందే పారశీకులు, అరబ్బులు, తెలుగు కోమట్లు అక్కడ వ్యాపారం సాగించారు. పెగూకు, ఆచేకు, ఎర్రసముద్రపు రేవులకు ఓడలు బయలుదేరేవి. వాటిలో హజ్ యాత్రికులూ ఉండేవారు. పారశీక దేశం నుండి వచ్చిన మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంలో ఆరితేరి, ఆ పట్నానికి అధికారి అయ్యాడు. 'బందరు' అనే మాటయే పారశీకం. దాని అర్థం రేవు. ఆ మాటను తెలుగు ప్రజ ఎంతగా తన సొంతం చేసుకున్నదంటే, నేడు బందరు లడ్డు అనేవారెవరికీ అది పరభాషా పదమని తోచదు.

ఇదే సత్యాన్ని కలంకారీ మరింత స్పష్టంగా చాటుతుంది. పేరు పారశీకం, చేయి తెలుగువారిది. పెడనలో నేటికీ కరక్కాయ నీటిలో గుడ్డను నానబెట్టి, కొయ్య అచ్చులతో అద్దకం వేస్తున్నారు. పూర్వం ఎరుపు రంగుకు చిరివేరు వాడేవారు. పటిక తగిలిన చోటనే ఆ ఎరుపు పట్టు నిలిచేది. ఒక మతం వారు కోరిన పూలతీగను మరొక మతం వారు అచ్చువేసిన గుడ్డ ఇది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథం ఉంటుందా?

ఇక రేవు నేడు ఎట్లా ఉన్నది? కోటలో పాత గోడలు శిథిలమై నిలిచి ఉన్నాయి. డచ్చివారి శ్మశానంలో వంశ చిహ్నాలు చెక్కిన రాతి ఫలకాలు ఉన్నాయి. గిలకలదిండిలో చేపల పడవలు తిరుగుతున్నాయి. ఈ పతనానికి ఒక్కటే కారణం కాదు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరు వేయగా, సరుకును పడవలపై చేరవేసేవారు. 1687లో గోలకొండ పడిపోయింది. 1759లో ఫ్రెంచివారి నుండి ఆంగ్లేయులు కోటను గెలిచారు. కాని వారి వాణిజ్యానికి మద్రాసే ప్రధానమైంది. తరువాత మరమగ్గాల గుడ్డ వచ్చి మన నేతగాని పొట్ట కొట్టింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ఇంచుమించు 30,000 మందిని బలిగొన్నది.

డచ్చి దొర సమాధికి రాతి ఫలకం ఉన్నది. గుడ్డ నేసినవానికి, రంగు అద్దినవానికి, పడవ నడిపినవానికి అటువంటి ఫలకాలు మాకు కానరాలేదు. మా మనసును కలచినది ఇదే. వారి కథ ఇంకా వృద్ధుల నోట ఉన్నది. వ్రాసుకొనేవారు లేకపోతే అదీ పోతుంది. 2023 మే నెలలో అక్కడ నూతన ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడరేవు రావలసిందే, మన యువకులకు ఉద్యోగాలు కావాలి. అయితే రహదారులు, గిడ్డంగులు వెలిసే చోట పాత గుర్తులు చెరిగిపోవడం లోకసహజం. కనుక వ్రాసుకొనవలసిన సమయం ఇదే.

యాత్రలు వృథా ఖర్చు అనే పెద్దలు ఉన్నారు. ఫీజు కట్టలేని విద్యార్థులున్న కళాశాలలో ఆ మాటను తేలికగా తీసివేయలేము. అందుచేతనే విలాసయాత్రను కోరడం లేదు. గుంటూరు, విజయవాడల మీదుగా బస్సులో ఒక్కనాటి ప్రయాణం చాలు. పేద విద్యార్థుల చార్జీలను కళాశాల భరించాలి. అధ్యాపికల తోడుతో విద్యార్థినులను కూడా తీసుకువెళ్ళాలి. వారిని ఇంట ఉంచి చరిత్ర చదివించామనడం న్యాయం కాదు. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఏటా వెళ్ళాలి. ఉర్దూ విద్యార్థులు పాత ఫలకాలపై ఉన్న వ్రాతలను ఎత్తి వ్రాయాలి. తెలుగు విద్యార్థులు జాలరుల, అద్దకపువారి మాటలను నమోదు చేయాలి. అందులో మేలైనది ఈ సంచికలోనే అచ్చు కావాలి.

ఈ దేశంలో మీ చోటు ఏది అని ఎవరైనా మన విద్యార్థిని అడిగినప్పుడు, అతడు కోపంతోనో కన్నీటితోనో బదులు చెప్పనవసరం లేదు. బందరు చరిత్ర తెలిసినవానికి సమాధానం చేతిలోనే ఉంటుంది. ఆ సమాధానాన్ని అతనికి అందించే బాధ్యత మనది. రాబోయే సంవత్సరపు ఖర్చుల పట్టికలో ఈ యాత్రకు ఒక పంక్తి కేటాయించవలసిందిగా పాలక సంఘాన్ని కోరుతున్నాము.