కొక్కేనికి నాలుగు లక్షలా?



మన గ్రూపులో ఒక సభ్యుడు తన కొడుకు అమెరికా నుంచి పంపిన ఎస్టిమేటు పెట్టారు. అబ్బాయి అక్కడ సెకండ్‌హ్యాండులో మోటార్‌హోమ్ కొన్నాడు. దాని వెనకాల తన కారును కట్టి లాక్కుపోవడానికి షాపువాడు 4,500 డాలర్లు అడిగాడు. డాలరుకు 85 రూపాయల లెక్కన 3,82,500 రూపాయలు. అంతే, గ్రూపులో రెండు రోజులు ఇదే మాట. ఒకరు, కొక్కేనికి నాలుగు లక్షలా, మన ఊరి వెల్డింగ్ షాపులో పదివేలకు చేసిస్తారన్నారు. ఇంకొకరు, అందులో బ్రేకు అని లక్ష రూపాయలు వేశాడు, ముందు బండికి బ్రేకు ఉంది కదా, అది తీసేయమని చెప్పండన్నారు. దానికి పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఈ చప్పట్ల గురించే మేము రాయవలసి వచ్చింది. మొదటి మాట తప్పు. రెండో మాట ప్రమాదం. అడగవలసిన మూడో మాట ఒకటి ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.

ముందు వస్తువేమిటో చూద్దాం. మోటార్‌హోమ్ అంటే పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న బండి. మన లగ్జరీ బస్సంత పొడవు ఉండేవీ ఉన్నాయి. పెట్రోలు గాలనుకు ఎనిమిది, పది మైళ్ళు ఇస్తే గొప్ప. అంటే మన లెక్కలో లీటరుకు మూడున్నర నాలుగు కిలోమీటర్లు. దాన్ని క్యాంపు మైదానంలో నిలిపి, కరెంటు తీగ, నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం తగిలించాక, పాల ప్యాకెట్టుకు పోవాలన్నా అన్నీ విప్పి ఇల్లంతా నడుపుకుంటూ పోవాలి. కొన్ని చోట్లకు ఆ బండిని రానివ్వరు కూడా. మొంటానాలో గ్లేసియర్ నేషనల్ పార్కులో కొండ మీదికి పోయే ప్రసిద్ధమైన రోడ్డు ఉంది. దాని నడిమి భాగంలో 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండికి అనుమతి లేదు. అందుకే చిన్న కారు ఒకటి వెంట ఉంటే మేలని అక్కడివాళ్ళు అనుకుంటారు. ఇది జంబం కోసం చేసే పని కాదు. అవసరం ఉన్నవాళ్ళకు అవసరమే.

కారును తీసుకుపోవడానికి మూడు దారులు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగడం ఒకటి. ముందు రెండు చక్రాలను చిన్న రెండు చక్రాల బండి మీదికి ఎక్కించి లాగడం రెండోది, దాన్ని డాలీ అంటారు. కారు మొత్తాన్ని ట్రెయిలరు మీద పెట్టడం మూడోది. డాలీకి, ట్రెయిలరుకూ డబ్బు పెట్టాలి. పైగా క్యాంపులో వాటిని నిలపడానికి జాగా వెతకాలి, ట్రెయిలరైతే దాని బరువు వేరే. అందుకని ఎక్కువమంది మొదటి దారికే పోతారు. మన అబ్బాయి అడిగిందీ అదే.

ఇప్పుడు ఆ 4,500 లెక్క విప్పి చూద్దాం. టో బార్, అంటే రెండు బండ్లనూ కలిపే మడత కడ్డీ, 1,000 డాలర్లు. కారు ముందు బంపరు వెనకాల చాసిస్‌కు బిగించే బేస్ ప్లేటు 550. కారు వెనక దీపాలు, ముందు బండి దీపాలతో కలిసి వెలగడానికి వైరింగు 250. కడ్డీ ఊడినా కారు విడిపోకుండా పట్టుకునే భద్రతా కేబుళ్ళు 100. కారుకు వేరేగా పనిచేసే బ్రేకు 1,300. బిగింపు కూలి 1,300. షాపును బట్టి, కారును బట్టి ఇవి కాస్త అటూ ఇటూ ఉంటాయి. మొత్తం మీద మాత్రం ఇది ఆ దేశంలో మధ్యరకం బిల్లే, దోపిడీ కాదు.

పదివేల వెల్డింగు మాట ఎందుకు తప్పంటే, బేస్ ప్లేటు ఒక్కో కారు మోడలుకు ఒక్కో విధంగా చేస్తారు. ఒకటిన్నర, రెండు టన్నుల కారు గంటకు నూరు కిలోమీటర్ల వేగంలో గుంజినా, మలుపులో పక్కకు లాగినా తట్టుకోవాలి. బిగించడానికి కారు ముందు భాగమంతా విప్పుతారు, అందుకే కూలి అంత. మన రోడ్ల మీద చెరకు లోడు ట్రాక్టర్లను చూస్తున్నాం కదా. ఇక్కడి పడమటి జిల్లాల్లోనూ, కర్ణాటకలోనూ, మహారాష్ట్రలోనూ మన సభ్యులు రోజూ చూసేదే. రెండేసి ట్రెయిలర్లు, వెనక దీపం లేదు, ట్రెయిలరుకు బ్రేకు లేదు, మధ్యలో ఒక పిన్ను. రాత్రిపూట దాని వెనక మోటారు సైకిలు మీద పోయినవాడి ఇంట్లో అడగాలి, ఆ పిన్ను ఎంత చవకో.

ఇక బ్రేకు సంగతి. ఇక్కడ మేము కాస్త గట్టిగా మాట్లాడతాం, ఎందుకంటే రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తా పని చేశాం. బండి నడపలేదు, కానీ కాగితాలన్నీ మా బల్ల మీదనుంచే పోయేవి. బయలుదేరే ముందు బ్రేకు పవరు సర్టిఫికెట్టు లేకుండా రైలు కదలదు. ఇంజనుకు బ్రేకు ఉంది, చాలదా అని ఏ స్టేషను మాస్టరూ అడగడు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా బ్రేకు పైపు పోతుంది, అందులో 5 కిలోల ఒత్తిడితో గాలి ఉంటుంది. నడిమిలో కప్లింగు తెగితే పైపు కూడా తెగుతుంది, గాలి పోతుంది. గాలి పోగానే రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతట అవే పడతాయి. చివరి పెట్టె వెనక ఎల్వీ బోర్డు చూసి, రైలు పూర్తిగా వచ్చిందని తెలుసుకుంటారు.

ఈ నియమాలు ఎవరో సరదాకు రాసినవి కావు. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా దగ్గర ఒక విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది రైలును రెండుగా విడదీసి, ముందు భాగాన్ని మొదట తీసుకుపోదామనుకున్నారు. ఆ రైలుకున్న బ్రేకు, ఇంజనుతో కలిసి ఉన్నంతసేపే పనిచేసేది. విడదీయగానే వెనక పెట్టెలకు చేతి బ్రేకు తప్ప ఏమీ మిగలలేదు. అవి వెనక్కి జారి, వెనక వస్తున్న ఇంకో రైలును కొట్టాయి. దాదాపు 80 మంది పోయారు, వాళ్ళలో చాలామంది పిల్లలు. ఆ ఏడే అక్కడి పార్లమెంటు, ప్రయాణికుల రైళ్ళకు తమంతట తామే పడే బ్రేకు తప్పనిసరి అని చట్టం చేసింది. విహారానికి పోయిన కుటుంబాలవి. మన బిడ్డలు మోటార్‌హోమ్‌లో పోయేదీ విహారానికే.

మోటార్‌హోమ్ బ్రేకును దాని సొంత బరువుకు సరిపోయేలా చేస్తారు. వెనక రెండు టన్నులు తగిలించి కొండ దిగితే, ఆపడానికి పట్టే దూరం పెరుగుతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. లాగే కారులో ఇంజను ఆఫ్‌లో ఉంటుంది, దాని బ్రేకును నొక్కే కాలు లేదు. ఆ కాలి పని చేసేదే 1,300 డాలర్ల పరికరం. ముందు బండి వేగం తగ్గినప్పుడు అది కారు బ్రేకును నొక్కుతుంది. దానితో పాటు చిన్న తీగ స్విచ్చు ఒకటి ఉంటుంది. కారు ఊడిపోతే ఆ తీగ లాగబడి కారు బ్రేకు దానంతట అదే పడుతుంది. మా రైలు పైపు చేసే పనే అది. చాలా రాష్ట్రాల్లో ఒక బరువు దాటిన లాగుడు బండికి సొంత బ్రేకు ఉండాలని చట్టం కూడా ఉంది. 3,000 పౌండ్లు అన్నది చాలా చోట్ల కనబడే హద్దు. మామూలు ఎస్‌యూవీలు చాలావరకు ఆ హద్దు దాటే ఉంటాయి.

కాబట్టి ఆ పది చప్పట్లు పెట్టినవాళ్ళను అడుగుతున్నాం. ఆ బండిలో ముందు సీట్లో కూర్చునేది ఎవరు? కొడుకు, కోడలు. వెనక మనవళ్ళు. ఆరు నెలల వీసా మీద పోయినప్పుడు మనమూ. లక్ష మిగిలిందని ఇక్కడ ఎవరు సంతోషపడాలి? బిడ్డలు మన మాటను ఇంకా లెక్కచేస్తారు. ఫోనులో నాన్న "అదంతా ఎందుకురా" అంటే, చేయాలనుకున్నది కూడా మానేసేవాళ్ళు ఉన్నారు. అందుకే మన నోటి నుంచి ఆ మాట రాకూడదు.

ఇప్పుడు మూడో మాట. అసలు ఈ ఖర్చు అవసరమా?

మొదట కారు సంగతి. అన్ని కార్లనూ నాలుగు చక్రాల మీద లాగడానికి లేదు. చాలా ఆటోమేటిక్ గేరు కార్లలో ఇంజను ఆగితే గేరుపెట్టెకు నూనె అందించే పంపు కూడా ఆగిపోతుంది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అట్లా నూరు మైళ్ళు పోతే గేరుపెట్టె కాలిపోవచ్చు. జీప్ రాంగ్లర్‌ను లాగవచ్చు, కంపెనీ పుస్తకంలోనే పద్ధతి ఉంటుంది. హోండా సీఆర్‌వీని 2014 మోడలు దాకా చాలామంది లాగారు, 2015 నుంచి గేరు పద్ధతి మారింది, లాగకూడదు. టెస్లాను చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదని కంపెనీయే చెబుతుంది. మన బిడ్డల ఇళ్ళ ముందు ఎక్కువగా నిలబడి ఉండేవి టెస్లాలూ హైబ్రిడ్లే కదా. షాపువాడికి అడ్వాన్సు ఇచ్చే ముందు కారు ఓనర్ మాన్యువల్‌లో ఆ పేజీ చదవాలి. లాగకూడదని ఉంటే ఇంకో కారు కొనాలి. అప్పుడు బిల్లు 4,500 కాదు, 25,000 అవుతుంది.

తరువాత వాడకం లెక్క. చేరిన ఊళ్ళో అద్దె కారుకు రోజుకు 70 డాలర్లు అనుకుందాం. ఏడాదికి 20 రోజులు తిరిగే కుటుంబానికి 1,400 అవుతుంది. 4,500 పెట్టినది మూడేళ్ళు దాటితే తీరుతుంది. పదిరోజులే తిరిగితే ఏడాదికి 700, తీరడానికి ఆరేళ్ళు దాటాలి. ఆ లోపల కారు మార్చితే టో బార్, బ్రేకు పరికరం చాలావరకు పనికి వస్తాయి. బేస్ ప్లేటు, వైరింగు, కూలి మాత్రం మళ్ళీ మొదటినుంచీ. ఉద్యోగం చేసేవాడికి సెలవులు ఏడాదికి ఎన్ని దొరుకుతాయో మనకు తెలుసు. రిటైరై నెలల తరబడి బండిలోనే బతికే అమెరికా ముసలివాళ్ళకు ఈ ఖర్చు న్యాయం. రెండు వారాల సెలవు ఉన్నవాడు కాగితం మీద రాసి చూసుకోవాలి.

తమిళ బడిలో మేము నేర్చుకున్న సామెత ఒకటి ఉంది. ఉస్తికాయ పావు పణం, మోతకూలి ముప్పావు పణం. మోతకూలి ఎక్కువైందని కూలివాణ్ణి తిట్టి లాభం లేదు. ఉస్తికాయ కొనే ముందే మోతకూలి అడగాలి. మోటార్‌హోమ్ బేరం రోజునే, దీని వెనకాల ఇంకా ఏమేం కట్టాలి అని అడిగి ఉంటే ఈ ఎస్టిమేటు ఎవరినీ బెదరగొట్టేది కాదు.

ఇవన్నీ చూసి మా అభిప్రాయం మూడు ముక్కల్లో చెబుతాం. లాగవలసిన అవసరం నిజంగా ఉంటే బిల్లు మొత్తం కట్టాలి, బ్రేకుతో సహా. బిల్లు మొత్తం కట్టే స్తోమత ఈ ఏడు లేకపోతే, ఈ ఏడు లాగవద్దు. అద్దె కారు తీసుకోండి, లేదా భార్యాభర్తల్లో ఒకరు కారు నడుపుకుంటూ వెనక పోండి. సగం కట్టి సగం వదిలే దారి మాత్రం లేదు. కడ్డీ కొని బ్రేకు వదలడమంటే, రైలుకు పెట్టె తగిలించి పైపు తగిలించకపోవడమే.

ఇంకో చిన్న మాట. అట్లా కట్టిన కారుతో బండిని రివర్సు తీయకూడదు, ముందు చక్రాలు అడ్డంగా తిరిగి కడ్డీ వంగుతుంది. సందులో ఇరుక్కుంటే కిందికి దిగి కారు విప్పుకోవాలి. ఇది అబ్బాయికి షాపువాడు చెప్పాడో లేదో, తండ్రిగారు ఫోనులో అడగాలి. బయలుదేరే ప్రతిసారీ పిన్నులు, కేబుళ్ళు, దీపాలు, బ్రేకు స్విచ్చు ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోమని చెప్పాలి. పెట్రోలు బంకులో ఆగినప్పుడు ఇంకోసారి.

వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు కింద రాయండి. అమెరికాలో బండి లాగుతున్న బిడ్డలు ఉంటే, వాళ్ళ బిల్లు ఎంతయిందో, ఏ కారో రాయించండి. పదిమందికి ఉపయోగం. చప్పట్ల బొమ్మలు మాత్రం ఇంకోసారి ఆలోచించి పెట్టండి.