ఏం వేశారని అడగడం గొంతెమ్మ కోరికా?

వెలగపూడిలో సచివాలయం, నేలపాడులో హైకోర్టు వచ్చాక తుళ్లూరు మండలంలో బయట తినక తప్పని ఆడవాళ్లు ఎందరో: ఉద్యోగినులు, భవన నిర్మాణ కూలీలు, అర్జీలతో వచ్చేవాళ్లు.

ఇడ్లీలోకి వేరుశనగ చట్నీ, కూరలో నువ్వులపొడి మనకు మామూలే. కానీ వేరుశనగ పడని మనిషికి ఆ చట్నీలో ముంచిన గరిటె కూడా ప్రమాదమే. దద్దుర్లు, పెదవుల వాపు, ఆపైన ఊపిరాడక నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. అయినా "ఇందులో ఏం వేశారు?" అని అడిగిన స్త్రీకి "ఎక్కడలేని పట్టింపులు!" అన్న ఈసడింపే ఎదురవుతుంది. ఇంట్లో పెట్టింది తిని ఊరుకోమన్న పెత్తనమే ఇక్కడా ఉంది.

2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్లు, రొయ్యలు, గోధుమ వంటివి ఉంటే చెప్పి తీరాలన్నాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు. పైగా మెనూలో రాయాలన్న షరతు కేంద్ర లైసెన్సు గల హోటళ్లకు, 10 లేక అంతకుమించి శాఖలున్నవాటికే. కూలిమనిషి తినే టిఫిన్ బండికి, మెస్సుకు అది వర్తించదు. ప్రాణం విలువ హోటలు స్థాయిని బట్టి ఉంటుందా?

బండి నడుపుకునే స్త్రీల మీద జరిమానాలు వెయ్యమని కాదు మనం అడిగేది. "చట్నీలో వేరుశనగ ఉంది" అని పలక మీద రాసిపెట్టడానికి, గరిటెలు వేరుగా ఉంచడానికి ఖర్చేమీ కాదు. పంచాయతీలు, మహిళా సంఘాలు ఆ మాట నచ్చజెప్పాలి.

ముందు మన శిక్షణ తరగతుల్లోనే భోజనాలు పురమాయించేటప్పుడు "ఎవరికి ఏది పడదు?" అని అడుగుదాం. ఎవరికైనా ఊపిరాడకపోతే మజ్జిగ తాగించి చూద్దామనుకోక వెంటనే 108కి ఫోన్ చేద్దాం. అప్పుడు కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, ఓదార్పు కాదు.